చల్లపల్లి: సన్నదు నుంచి చెరకు గానుగ దాకా

చల్లపల్లి సంస్థాన చరిత్రను వంశావళితో మొదలుపెట్టడం పరిపాటి. అయితే యార్లగడ్డ వారి దేవరకోట ఎస్టేటు ఏ కాలంలో ఏ రూపం దాల్చిందో కోట గోడల కంటే దస్తావేజులే కచ్చితంగా చెబుతాయి కనుక, ఈ స్మారకోపన్యాసం వాటినే ఆధారం చేసుకుంటుంది.

1802 నాటి మద్రాసు రెగ్యులేషన్ జమీందారుకు సన్నదు, అంటే హక్కుపత్రం, ఇచ్చి, అతడు ఏటా కుంఫిణీకి కట్టవలసిన పేష్కషును, అంటే ఇక పెరగని కప్పాన్ని, శాశ్వతంగా ఖాయం చేసింది. 1855లో బెజవాడ వద్ద కృష్ణ ఆనకట్ట పూర్తయి కాలువ నీళ్లు పారిన డెల్టాలో రైతు నుంచి వచ్చే రాబడి పెరిగినా కప్పం పెరగలేదు. ఆ తేడాయే జమీందారీల వైభవానికి పెట్టుబడి. ఆ ఆస్తి వంశమంతటిదా, గద్దెనెక్కినవాడిదా అన్న తగువు మాత్రం సన్నదుతో తీరలేదు. యార్లగడ్డ మల్లికార్జున ప్రసాద నాయుడికీ దుర్గాప్రసాద నాయుడికీ నడిచిన దావా లండన్ ప్రివీ కౌన్సిలు దాకా వెళ్లగా, ఎస్టేటు అవిభాజ్యమని, అంటే వాటాలు వేయకుండా ఒక్కరి చేతిలోనే నిలవాలని, 1890లో తేలింది. తక్కినవారికి దక్కేది మనోవర్తి, ఆ బకాయిల పేచీ కూడా 1900లో అదే కౌన్సిలు ముందుకు చేరింది. గట్టు తగాదాకే బందరు కోర్టు మెట్లెక్కే సీమలో ఇది వింత కాదు; కాకపోతే ఈ మెట్లు సముద్రానికి అవతల ఉన్నాయి.

1908 ఎస్టేట్ల భూచట్టం రైతుకు సాగుహక్కు ఇచ్చింది. ఆ చట్టాన్ని పరిశీలించడానికి ప్రకాశం పంతులు అధ్యక్షతన ఏర్పడ్డ సంఘం 1938లో రైతుకు అంతకుమించిన హక్కు అడిగింది. తరువాతి కాలంలో కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి అయిన చండ్ర రాజేశ్వరరావు చల్లపల్లి దాపునున్న మంగళాపురంలోనే పుట్టడం ఈ నేల స్వభావాన్ని తెలుపుతుంది. 1948 చట్టం జమీందారీలను రద్దుచేసింది గాని, జమీందారు సొంతంగా సాగు చేయించుకునే కమతం భూములకు పట్టా పొందే వీలు వదిలింది. సంస్థానాలు పోయినా పెద్ద కమతాలు మిగలడానికి ఆ వీలే దారి. రాజా యార్లగడ్డ శివరామప్రసాద్ అవనిగడ్డ నుంచి శాసనసభకు ఎన్నికవడంతో, సన్నదు ఇవ్వలేని అధికారాన్ని బ్యాలెట్టు ఇచ్చినట్లయింది.

చల్లపల్లి పేరు ఆ తరువాత లక్ష్మీపురంలోని పంచదార ఫ్యాక్టరీ ద్వారా మళ్లీ పెద్ద న్యాయస్థానానికి ఎక్కింది. అప్పు తెచ్చి కొన్న యంత్రాలను బిగిస్తుండగా, ఇంకా ఒక్క చెరకు గడ కూడా ఆడకముందే, వడ్డీ మాత్రం పెరుగుతూ ఉంటుంది. ఆ వడ్డీ యంత్రం ఖరీదులో భాగమా, కాదా? చల్లపల్లి షుగర్స్ కేసులో 1974లో సుప్రీంకోర్టు, జస్టిస్ హెచ్. ఆర్. ఖన్నా రాసిన తీర్పులో, భాగమేనని చెప్పింది. ఉత్పత్తి మొదలయ్యే దాకా కట్టిన వడ్డీని అసలు ఖరీదులో కలిపి, ఆ మొత్తం మీదనే తరుగుదలను, అంటే యంత్రం అరుగుదలకు ఆదాయపు పన్నులో ఇచ్చే మినహాయింపును, లెక్కకట్టాలని తేల్చింది. దేవరకోటను పంచడం కుదరదన్న తీర్పు పాత సంపుటాలకే పరిమితం కాగా, ఫ్యాక్టరీ పెట్టేవారి ఆడిటర్లు ఏ జిల్లాలో కూర్చున్నా చల్లపల్లి పేరు పలకక తప్పదు.