పొలాన్ని కొలిచి సాగు చేద్దాం

సెలవు రోజు సాయంత్రం వ్యవసాయం మీద ఉపన్యాసం వినడానికి ఇంతమంది రావడం నాకెంతో సంతోషంగా ఉంది. ఉద్యోగాల కోసమో, పిల్లల చదువుల కోసమో పట్నంలో స్థిరపడినా, మీలో చాలామందికి ఊళ్లో ఎంతో కొంత పొలం ఉంది. కొందరు కౌలుకిచ్చారు, కొందరు అన్నదమ్ములకు అప్పగించారు. అందుకే ఈ విషయం పల్లెలో ఉన్న రైతుకు ఎంత అవసరమో మీకూ అంతే అవసరమని నా నమ్మకం.

డ్రోను అనగానే ఇప్పుడు మన పల్లెల్లో మందు కొట్టే యంత్రమే గుర్తొస్తుంది. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే నమో డ్రోన్ దీదీ పథకాన్ని 2023 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించాక ఆ పేరు మారుమూల ఊళ్లకూ చేరింది. మందు కొట్టడం మంచి పనే. వీపున ట్యాంకు మోస్తూ ఆ విషాన్ని పీల్చే మనిషికి ఆ బాధ తప్పుతుంది. అయితే ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది పొలాన్ని చూసే డ్రోను గురించి, మట్టిలో పాతే సెన్సారు గురించి. ఎక్కడ కొట్టాలో, ఎంత కొట్టాలో, ఎప్పుడు కొట్టాలో తెలియనప్పుడు ఎంత వేగంగా కొట్టినా ఖర్చు పెరగడమే తప్ప పంటకు ఒరిగేదేమీ ఉండదు.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట మొదటే చెప్పేస్తాను. ఏ నిర్ణయం కోసం కొలుస్తున్నామో తేల్చుకున్నాకే పరికరం జోలికి వెళ్లాలి. నీళ్లు ఈరోజు పెట్టాలా, రేపు పెట్టాలా? యూరియా ఈ వారం వెయ్యాలా, ఆగాలా? విత్తనం ఎప్పుడు వెయ్యాలి? ఇలాంటి నిర్ణయాల్లో ఒక్కదాన్నయినా మార్చగలిగిన కొలతే పనికొచ్చే కొలత. మిగతాదంతా ఫోనులో పేరుకుపోయే అంకెల కుప్ప.

ముందు ఆకాశం నుంచి చూడటం ఎలాగో చెబుతాను. పచ్చని ఆకు మీద ఎండ పడినప్పుడు అందులోని పత్రహరితం ఎరుపు, నీలం కాంతులను ఆహారం తయారీకి పీల్చుకుంటుంది. ఆకుపచ్చను కొంత వదిలేస్తుంది కాబట్టి ఆకు మనకు పచ్చగా కనిపిస్తుంది. ఎరుపుకు అవతల, మన కంటికి ఆనని పరారుణ కాంతి ఒకటుంది. ఆకు లోపలి కణాల అమరిక ఆ కాంతిలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. కాబట్టి ఏపుగా ఉన్న పైరు నుంచి ఎరుపు తక్కువగా, పరారుణం ఎక్కువగా వెనక్కి వస్తాయి. పైరుకు దెబ్బ తగిలితే ఈ తేడా తగ్గిపోతుంది. ఈ రెండు కాంతుల తేడాను వాటి మొత్తంతో భాగిస్తే వచ్చే అంకెనే ఎన్‌డీవీఐ అంటారు. 1972లో అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాన్ని పంపిన తర్వాత, అక్కడి మైదానాల పచ్చదనాన్ని కొలవడానికి టెక్సస్ పరిశోధకులు దీన్ని వాడుకలోకి తెచ్చారు. ఖాళీ నేల మీద ఈ అంకె సున్నాకు కాస్త పైన ఉంటుంది. గుబురుగా కమ్మిన వరి మీద 0.8 దాకా వెళుతుంది.

ఈ చూపు ఉపగ్రహం నుంచి ఉచితంగానే దొరుకుతుంది. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 జంట ఉపగ్రహాలు దాదాపు అయిదు రోజులకోసారి మన పొలాల మీదుగా వెళుతూ ఫొటోలు తీస్తాయి. ఆ ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. అంటే ఎకరానికి సుమారు నలభై చుక్కలు. ఊరంతటి పంట పరిస్థితి తెలుసుకోవడానికి ఇది చాలు. ఇబ్బందల్లా ఖరీఫ్‌లో వస్తుంది. పైరుకు మన చూపు బాగా అవసరమైన ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే ఆకాశం నిండా మబ్బులు. డ్రోను ఆ మబ్బుల కింద ఎగురుతుంది. వంద మీటర్ల ఎత్తు నుంచి, ఎరుపు, పరారుణ కాంతులను విడివిడిగా పట్టే మంచి మల్టీస్పెక్ట్రల్ కెమెరాతో తీస్తే ఒక్కో చుక్క అయిదారు సెంటీమీటర్లే. చాళ్లు కనిపిస్తాయి, నాట్లలో పడిన ఖాళీలు కనిపిస్తాయి, గట్టు పక్కన మురుగు నిలిచిన చోటు కనిపిస్తుంది.

ఎగరెయ్యడంలోనూ పద్ధతి ఉంది. ఎండ నిటారుగా ఉండే పదింటి నుంచి రెండింటి లోపు ఎగరెయ్యాలి. ఎగిరే ముందు, ఎంత కాంతిని తిప్పికొడుతుందో ముందే తెలిసిన బూడిద రంగు పలకను ఫొటో తీయాలి. ఆ పలక లేకుండా తీస్తే మొన్నటి ఎండలో తీసిన ఫొటోకూ ఇవాళ్టి మబ్బులో తీసిన ఫొటోకూ పోలిక కుదరదు. ఒక ఫొటోకూ తర్వాతి ఫొటోకూ మధ్య మూడొంతులకు పైగా ఉమ్మడి భాగం ఉండేలా వరుసలు వేసుకోవాలి. అప్పుడే కంప్యూటరు వాటన్నిటినీ కలిపి ఒకే పటంగా కుట్టగలుగుతుంది. ఇక చట్టం సంగతి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగుల ఎత్తు దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. మన పొలం ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై వెబ్‌సైటులోని పటంలో చూసుకోవాలి. రెండు కిలోలు దాటిన డ్రోను నడపడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి.

పటం చేతికొచ్చాక అసలు పని మొదలవుతుంది. మడి మధ్యలో ఒకచోట అంకె పడిపోయిందనుకుందాం. అది ఒళ్లు వెచ్చబడటం లాంటిది. జ్వరముందని చెబుతుందే గాని అది మలేరియానా, టైఫాయిడా అన్నది చెప్పదు. వరిలో పసుపు మచ్చ నత్రజని లోపం వల్ల రావచ్చు, జింకు లోపం వల్ల రావచ్చు, చౌడు వల్ల రావచ్చు, వేళ్లకు గాలి ఆడక రావచ్చు, సుడిదోమ వల్లా రావచ్చు. పటం చూసి ఆదరాబాదరాగా యూరియా చల్లామనుకోండి. అది సుడిదోమ మచ్చ అయితే మన చేత్తో మనమే దోమను పెంచినట్టు. ఎక్కువైన నత్రజని దోమకు మేతవుతుంది. అందుకని పటం చూపిన చోటికి కాళ్లతో నడిచి వెళ్లాలి. దుబ్బును రెండు చేతులతో విడదీసి నీటిమట్టం దగ్గర, మొదట్లో చూడాలి. గోధుమ రంగు దోమలు అక్కడే గుంపుగా కూర్చుంటాయి. పైనుంచి ఏ కెమెరాకూ అవి కనపడవు.

మిరప రైతులకు ఈ సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు. 2021-22 పంటకాలంలో నల్ల తామర పురుగు గుంటూరు, ఖమ్మం, వరంగల్ తోటల్ని ఎలా ఊడ్చిందో మీరంతా చూశారు. ఆ పురుగు పువ్వు లోపల దాక్కుంటుంది. పూత రాలిపోయాక గాని ఆకాశం నుంచి తేడా తెలియదు. అక్కడ నీలి రంగు జిగురు అట్టలు, అరచేతిలో పువ్వును దులిపి చూసే అలవాటు ముందుగా హెచ్చరిస్తాయి. ఎక్కడికి నడవాలో డ్రోను చూపిస్తుంది, నడవాల్సింది మాత్రం మనమే.

ఇప్పుడు నేల లోపలికి వెళదాం. మట్టిలో తేమను కొలిచే సెన్సార్లలో చాలావరకు ఒకే సూత్రం మీద పనిచేస్తాయి. విద్యుత్ క్షేత్రంలో నీళ్లు ఒకలా, పొడి మట్టి మరోలా స్పందిస్తాయి. శాస్త్రవేత్తలు కొలిచే ఆ గుణం నీటికి సుమారు 80, పొడి మట్టికి 3 నుంచి 5 మాత్రమే. అంత తేడా ఉంది కాబట్టే తేమ కొద్దిగా మారినా సెన్సారు పట్టేస్తుంది. డ్రిప్పు ఉన్న తోటలో ఒకటి వేళ్లు దట్టంగా ఉన్న లోతులో, ఇంకొకటి వేళ్లకు దిగువన పాతాలి. కింది సెన్సారు మాటిమాటికీ తడి చూపిస్తోందంటే నీళ్లతోపాటు మనం వేసిన ఎరువు కూడా వేళ్లు దాటి జారిపోతోందని అర్థం. మోటారు ఎప్పుడు ఆపాలో కింది సెన్సారు చెబుతుంది, ఎప్పుడు వెయ్యాలో పై సెన్సారు చెబుతుంది.

మన నల్లరేగడిలో మాత్రం జాగ్రత్త పడాలి. ఎండకు నేల నెర్రెలిచ్చినప్పుడు సెన్సారు చుట్టూ గాలి చేరుతుంది, ఉన్న తేమ కన్నా తక్కువ చూపిస్తుంది. చౌడు నేలల్లో ఉప్పు వల్ల అంకె పక్కదారి పడుతుంది. కంపెనీ పెట్టెలో వచ్చిన లెక్కను గుడ్డిగా నమ్మకుండా మన మట్టితోనే ఒకసారి సరిచూసుకోవాలి. ఆ మట్టి కొంచెం తీసి తూచి, ఆరబెట్టి, మళ్లీ తూస్తే అసలు తేమ ఎంతో తెలిసిపోతుంది.

కొలతకు ఖరీదైన పరికరమే కావాలని లేదు. వరికి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారం చేసిన తడి-ఆరు పద్ధతి చూడండి. అడుగు పొడవున్న ప్లాస్టిక్ గొట్టానికి చుట్టూ రంధ్రాలు పొడిచి, సగం పైకి ఉండేలా మడిలో దించి, లోపలి మట్టి తీసేస్తారు. పైన నీళ్లు ఇంకిపోయినా గొట్టంలో నీటిమట్టం కనిపిస్తూనే ఉంటుంది. అది నేలకు పదిహేను సెంటీమీటర్ల కిందికి దిగినప్పుడే మళ్లీ నీళ్లు పెట్టాలి. నాటిన కొత్తలోనూ, పూతకు వారం ముందు నుంచి వారం తర్వాత దాకానూ ఆరబెట్టకూడదు. ఈ ఒక్క కొలతతో దిగుబడి తగ్గకుండా ముప్పై శాతం దాకా నీళ్లు ఆదా చేయవచ్చు, పొలం నుంచి వెలువడే మీథేన్ కూడా తగ్గుతుంది.

ఆకు రంగుల పట్టిక కూడా అలాంటిదే. పూర్తిగా విచ్చుకున్న లేత ఆకును ఎండ తగలకుండా మన నీడలో పెట్టి, పట్టిక మీది పచ్చరంగులతో పోల్చాలి. పది దుబ్బుల్లో ఆరు గాని, అంతకు మించి గాని ఆ రకానికి చెప్పిన రంగు కన్నా పాలిపోయి ఉంటేనే యూరియా వెయ్యాలి. పక్క చేను వాళ్లు వేశారని వేసే యూరియాకు ఈ పట్టిక అడ్డుకట్ట.

సమాచారం నిర్ణయాన్ని ఎలా మారుస్తుందో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో చూశాం. 2016 ఖరీఫ్‌లో వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి అక్కడి 175 మంది వేరుశనగ రైతులకు సెల్‌ఫోన్లలో తెలుగులో సందేశాలు పంపాయి. ముప్పై ఏళ్ల వానల లెక్కలు, నేలలో తేమ అంచనా, వాతావరణ సూచన కలిపి విత్తనానికి సరైన వారం ఏదో చెప్పాయి. అలవాటు ప్రకారం జూన్ మొదట్లో వేసేవాళ్లను నెలాఖరు దాకా ఆగమన్నాయి. ఆగిన రైతులకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని ఇక్రిశాట్ ప్రకటించింది. అది ఒక మండలంలో, ఒక పంటకాలం ఫలితం, అన్నిచోట్లా అంతే వస్తుందని నేననను. కానీ ఒక్క రైతు కూడా ఒక్క పరికరమూ కొనలేదన్నది గమనించండి. అక్కడ మారింది ఒక్క నిర్ణయం, విత్తే తేదీ.

మరి ఖర్చు సంగతి? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఉభయ తెలుగు రాష్ట్రాల్లో సగటు కమతం హెక్టారుకు అటూ ఇటూగా ఉంది. రెండున్నర ఎకరాల రైతు కెమెరా డ్రోను సొంతానికి కొనడం దండగ. అవసరమూ లేదు. ఒక బ్యాటరీతో ఇరవై నిమిషాలు ఎగిరే డ్రోను ఎందరో రైతుల మళ్లను ఒకేసారి చూసి వస్తుంది. ఆ డ్రోను రైతు ఉత్పత్తిదారుల సంఘానిదో, సహకార సంఘానిదో, మహిళా సంఘానిదో కావాలి. గుంటూరు లాంలోని రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సాగులో డ్రోన్ల వాడకం మీద పనిచేస్తున్నాయి. మందు కొట్టే శిక్షణతోపాటు పటం చదివే శిక్షణ కూడా మన ఆడపడుచులకు ఇవ్వాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఊరి పొలాల గుట్టుమట్లు వాళ్లకు తెలిసినంతగా బయటివాళ్లకు తెలియవు.

ఇంకొక్క మాట, నా మనసుకు దగ్గరిది. పొలం నుంచి వచ్చే సమాచారం ఎవరిది? పంట బాగుందో లేదో ముందుగా తెలిస్తే వ్యాపారి ధర నిర్ణయించగలడు, మందుల కంపెనీ సరుకు దించగలదు, బీమా సంస్థ పరిహారం లెక్కగట్టగలదు. పంట బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరి దిగుబడి అంచనాకు ఉపగ్రహ సమాచారాన్నీ కలుపుతున్నారు. అంటే ఈ అంకెలు డబ్బుతో సమానం. వాటిని పుట్టించిన రైతుకు తెలియకుండా, అతని అనుమతి లేకుండా అవి చేతులు మారకూడదు. మన దగ్గర సాగు చేసేవాళ్లలో కౌలు రైతులు చాలామంది ఉన్నారు. పాస్‌బుక్కు ఒకరి పేరున, చెమట ఇంకొకరిది. సమాచారం పాస్‌బుక్కు వెంట పోయి పట్నంలో ఉన్న మన ఫోనులకే చేరితే, దానితో నిర్ణయం తీసుకోవాల్సిన మనిషికి అందదు. ఏ సలహా అయినా ముందు సాగుదారుకు, అతని భాషలో, అతని ఫోనుకు చేరాలి.

చివరగా మీ అందరికీ నా విన్నపం. వచ్చే ఖరీఫ్‌కు ముందు మీ ఊరు వెళ్లండి. మీ పొలం సాగు చేస్తున్న మనిషితో కూర్చుని, పోయినేడు ఏ నిర్ణయం దగ్గర ఎక్కువ డబ్బు పోయిందో అడగండి. నీళ్లంటే ఒక గొట్టం పాతించండి, యూరియా అంటే ఒక ఆకు రంగుల పట్టిక తెచ్చివ్వండి, మట్టి సంగతి తెలియదంటే భూసార పరీక్ష చేయించండి. ఆ కొద్దిపాటి ఖర్చు భూయజమానులుగా మీరే భరించండి. సెన్సార్లు, డ్రోన్లు కావాలంటే మీ ఊరి సంఘం చేత తెప్పించండి, ఒంటరిగా కొనకండి. కొలిచి చేసిన సాగులో నష్టం వచ్చినా కారణం తెలుస్తుంది, మరుసటి ఏడు సరిదిద్దుకోవచ్చు. ఆ అవకాశం మన రైతుకు ఇప్పించే పూచీ మనందరిదీ.