వార్ధక్యంలో మరపు – మన బాధ్యత

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి.

సోదరులారా! అన్నీ తెలిసిన మనిషి ఏమీ తెలియని స్థితికి చేరే వృద్ధాప్యాన్ని దివ్య ఖుర్ఆన్ అన్‌నహ్ల్ సూరా 70వ ఆయతులో ప్రస్తావించింది. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆ దశ నుండి అల్లాహ్ శరణు వేడుకునేవారు. దుఆతోపాటు జాగ్రత్త కూడా అవసరం. రక్తపోటును, మధుమేహాన్ని అదుపులో ఉంచండి, పొగాకు మానండి, వినికిడి తగ్గితే వైద్యుణ్ణి కలవండి, కంఠస్థమైన సూరాలను నెమరువేయండి, జమాఅత్‌కు నడిచి రండి. వీటితో ముప్పు తగ్గుతుంది, పూర్తిగా తొలగదు.

అయినా మరపు వస్తే? “అస్ర్ నమాజు చేశానా?” అని తండ్రి నాలుగోసారి అడిగితే విసుక్కోకండి. బుద్ధి తప్పినవారిపై కలం ఎత్తివేయబడిందని హదీసు బోధిస్తోంది. మనపై కలం మాత్రం నడుస్తూనే ఉంది. మన జవాబును ఆయన మరచిపోవచ్చు. అది మన కర్మల పత్రంలో నిలిచి ఉంటుంది.

అల్లాహ్ మనకు సహనం ప్రసాదించుగాక! ఆమీన్.