నొప్పికీ నొప్పికీ మధ్య



నర్సుల స్నాతకోత్సవంలో హెచ్‌ఐవీ ముచ్చటేమిటని ముందు వరసలో పెద్దలు మొహమొహాలు చూసుకుంటున్నారు. ఏం చేయను, మీలో చాలామంది త్వరలోనే లేబర్ రూమ్ నైట్ డ్యూటీలో ఉంటారు.

మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లో. అత్తవారి ఊళ్లో చూపించుకున్న అమ్మాయి, కార్డు అక్కడే మరిచిపోయి, అర్ధరాత్రి నొప్పులతో మీ దగ్గరికొస్తుంది. హెచ్‌ఐవీ పరీక్ష అయిందో లేదో వెంట వచ్చినవాళ్లకి తెలియదు. వేలికొన నుంచి రక్తపు చుక్క తీసి కిట్టులో వేస్తే అరగంటలో ప్రాథమిక ఫలితం తెలిసిపోతుంది. కష్టమల్లా అడగడంలోనే. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం ఆమె ఒప్పుకోనిదే పరీక్ష చేయకూడదు. వాళ్లమ్మను టీ తెమ్మని బయటికి పంపండి. నొప్పి తగ్గిన ఆ రెండు నిమిషాల్లో చెవి దగ్గరికి వంగి, “ఇది హెచ్‌ఐవీ పరీక్ష తల్లీ. ఒకవేళ ఉన్నా, బిడ్డకి రాకుండా మందుంది. చేయమంటావా?” అనండి. మళ్లీ నొప్పి వస్తే ఆగండి. కాగితం చేతికిచ్చి “ఇక్కడ సంతకం పెట్టమ్మా” అంటే అది ఒప్పుకోలు కాదు.

తల్లికి హెచ్‌ఐవీ ఉండి మందులేవీ ఇవ్వకపోతే, పాలిచ్చే కాలం కూడా కలుపుకుని, నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు తల్లి నుంచి సోకుతుంది. వేళకు మందులు పడితే 5 కంటే తక్కువే. 1990ల చివర్లో ఉగాండాలో నొప్పులప్పుడు తల్లికి ఒక్క నెవిరపిన్ మాత్ర, మూడు రోజుల్లోపు బిడ్డకి ఒక్క మోతాదు ఇచ్చి చూశారు. అప్పటి జిడోవుడిన్ కోర్సుతో పోలిస్తే సోకడం దాదాపు సగానికి పడిపోయింది. ఇప్పుడు ఒక్క మాత్రతో సరిపెట్టం. తల్లికి వెంటనే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు మొదలుపెట్టి జీవితాంతం ఇస్తాం, బిడ్డకి పుట్టగానే మందు మొదలవుతుంది.

పాజిటివ్ అనగానే మంచానికి ఎర్ర స్టిక్కర్ అంటించడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గ్లవ్స్, ఏప్రాన్, కళ్లద్దాలు ప్రతి కాన్పుకీ వేసుకునేవాళ్లకి ఆ స్టిక్కర్‌తో పనేముంది? ఈ ఒక్క కాన్పుకే వేసుకునేవాళ్లు, రిపోర్టు ఇంకా రాని తల్లుల దగ్గర ఏం చేస్తున్నట్టు?

పాజిటివ్ వచ్చిన తల్లి డిశ్చార్జి రోజు తొందరపడకండి. బిడ్డకి సోకిందో లేదో చూడటానికి, ఆరు వారాలకు బిడ్డ రక్తపు చుక్కలు కార్డు మీద ఆరబెట్టి ల్యాబ్‌కి పంపాలి. అప్పటికి ఆమె పుట్టింట్లో ఉంటుందా, అత్తింటికి వెళ్తుందా? అడిగి, ఆమె సరేనంటే అక్కడి హెచ్‌ఐవీ పరీక్ష, సలహా కేంద్రం (ఐసీటీసీ) కౌన్సిలర్‌కి మీరే ఫోన్ చేయండి. బిడ్డకి మందు సిరప్ రోజుకెంత పట్టాలో ఆమె నోటితోనే చెప్పించుకోండి. ఆ సీసా దేనికని ఇంట్లో ఎవరైనా అడిగితే ఏం చెబుతుందో కూడా, ఆటో ఎక్కకముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.