నొప్పిని చెప్పుకొనుట

నా మోకాళ్ల నొప్పి యేండ్లనాటిది. మన చిత్తూరువారు వేలూరికి, తిరుపతివారు బర్డ్ ఆసుపత్రికిఁ బోయి, జామునకుఁ బైగా కాచియుండి, తీరా వైద్యుని యెదుట “ఏదో నొప్పి, స్వామీ” యని యూరకుందురు. స్త్రీల సంగతి మఱియు విచారకరము; నొప్పి వారిది, చెప్పువాఁడు కొడుకు!

మూఁడుమాసములకు మించిన నొప్పి దీర్ఘకాలికము. అది ఎక్స్‌రేలోఁ గానరాకపోవచ్చును. అయినను రోగి నొప్పియున్నదనిన మాటను మన్నింపవలయునని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘమువారు 2020లోఁ బ్రకటించిరి.

కావున నొప్పి యే వేళ, ఏ పనికి, ఎంతసేపుండునో చీటిపై వ్రాసికొని పొండు. నాటుమందును దాఁపక, మ్రింగుచున్న మాత్రల యట్టలు చూపుఁడు; కొన్ని నొప్పిమాత్రలు చిరకాలము వాడిన మూత్రపిండములకుఁ జేటు. “వయసునొప్పి” యనినచో, “అయ్యా, నిరుడు వేరుసెనగచేనికి నడిచితిని, నేఁడు గడప దాఁటలేను” అని చెప్పుఁడు. మం దెన్నాళ్లో, మరల నెప్పుడు రావలయునో యడుగక లేవకుఁడు.