కాటా మన చేతికి వచ్చాక
(మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగం)



వ్యాపారంలో ముందుండి నడిపించేవారికి ఏ గుణాలు కావాలో చెప్పమన్నారు. ఈ మాట అనగానే టీవీలో కనిపించే కోటీశ్వరులు గుర్తొస్తారు. వాళ్ల సంగతి నాకు తెలియదు. మన వన్‌ధన్ కేంద్రాలు నడిపే అక్కల గురించి చెప్తాను. 2018లో మొదలైన ఈ పథకంలో ఒక్కో కేంద్రానికి 15 స్వయం సహాయక సంఘాలు, సుమారు 300 మంది సభ్యులు. అంతమంది చింతపండు, తేనె, కొండచీపుళ్లు అమ్మిపెట్టడం చిన్న పని కాదు.

అన్నిటికన్నా ముందు కాటా. మన తాతలు సంతలో చింతపండు పోసి ఉప్పు తెచ్చుకున్న రోజుల్లో ఎంత మోసపోయారో ఇంటింటా చెప్పుకుంటారు. ఆ దళారుల నుంచి కాపాడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. ఇప్పుడు కాటా మన చేతిలోనే ఉంది. బరువు పైకి చదవాలి. పుస్తకంలో ఏం రాశారో చదువురాని సభ్యురాలికి వినిపించాలి. నాకు తెలిసిన ఒక అక్క సొంత అత్త తెచ్చిన తడి చింతపండునే ఎండబెట్టి తెమ్మని వెనక్కి పంపింది. ఊళ్లో వారం రోజులు అదే కబురు! ఆ తర్వాత తడి సరుకు రావడం తగ్గింది.

అసలు చిక్కు అప్పు దగ్గర. అడిగినవాళ్లకు లేదనడం మనకు రాదు. వేటలో దొరికింది ఊరంతా పంచుకున్నవాళ్లం. అందుకే గిరిజనులు వ్యాపారానికి పనికిరారని బయటివాళ్లు అంటుంటారు. నేను ఒప్పుకోను. పంచుకునే గుణం ఉండబట్టే 300 మంది ఒక్కచోట కూడారు. కాకపోతే పంచేది మన వాటాలోంచి, సంఘం పెట్టెలోంచి కాదు. జ్వరమని తమ్ముడు వస్తే నీ చేతి డబ్బు ఇవ్వు. సంఘం డబ్బయితే తీర్మానం రాయించు. చుట్టాలు ముఖం తిప్పుకుంటారు, నిజమే. దానికి తట్టుకోగలిగిన మనిషినే నాయకురాలిగా ఎన్నుకోండి, బాగా మాట్లాడుతుందని కాదు.

ఓపిక గురించి కాఫీ రైతులకు నేను చెప్పాలా? ఎర్రగా పండిన పండే కోయాలని అదే తోటకు మళ్లీ మళ్లీ వెళ్తారు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పచ్చికాయ కలిపితే ఆ పేరు నిలవదు.

మా హాస్టల్లో బియ్యం, పప్పు తూచేటప్పుడు పెద్ద తరగతి ఆడపిల్లలనే కాటా దగ్గర నిలబెడతాను. స్టాకు రిజిస్టరు వాళ్లే చదువుతారు. సెలవులకు ఊరు వచ్చినప్పుడు మీ కేంద్రం పుస్తకం వాళ్ల చేతికివ్వండి, లెక్క చూసి చెప్తారు.