తామే కట్టుకున్న బడి

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసిన తరువాత ఉపన్యాసమంటే పిల్లల ధ్యాస పులిహోర మీదికి పోతుందని నాకు తెలుసు. కనుక క్లుప్తంగానే మనవి చేస్తాను. మన సంఘానికి సొంత గది ఒకటి కావాలని, అందులో సాయంకాలం పిల్లలకు తెలుగు చెప్పించాలని చాలామంది అంటున్నారు. సంతోషమే. కాని ఆ గది తలుపు ఎవరికి తెరుచుకుంటుంది? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు హైదరాబాదు కథ ఒకటి జ్ఞాపకం వస్తుంది.

నిజాం రాజ్యంలో అంటరానివారని పేరు పెట్టి దూరంగా ఉంచిన కుటుంబాల పిల్లలకు బడి గడప ఎక్కడమే కష్టంగా ఉండేది. ప్రభుత్వ భాష ఉర్దూ, ఇంటి భాష తెలుగు. అటువంటి కుటుంబంలో 1888లో మాదరి భాగయ్య అనే బాలుడు పుట్టినాడు. లోకం ఆయనను భాగ్యరెడ్డి వర్మ అని ఎరుగును. 1906లో, పద్దెనిమిదేండ్ల వయసులోనే ఆయన జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథల ద్వారా తనవారిని మేల్కొల్పసాగినాడు. ఒకరు బడి కట్టి ఇస్తారని ఎదురుచూడలేదు. 1910లో హైదరాబాదు ఇసామియా బజారులో బడి తెరిచినాడు. లింగంపల్లిలోనూ తెరిచినాడు. క్రమంగా ఆ బడులు ఇరవై దాటినవి. చదువు తెలుగులోనే. తరువాతి కాలంలో ప్రభుత్వమే వాటిని తన చేతిలోకి తీసుకున్నది.

1917లో బెజవాడలో జరిగిన సభకు ఆయన అధ్యక్షుడు. పంచములన్న పేరు ఏ పురాణంలోనూ లేదని, తాము ఈ నేలకు మొదటివారమని ఆయన వాదించినాడు. ఆ సభ ఆది ఆంధ్ర అన్న పేరు పెట్టుకున్నది. 1931 జనాభా లెక్కలలో హైదరాబాదు సంస్థానం ఆది హిందువులని వ్రాసినది. చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం వెలసినది. బడి పిల్లలకు అక్షరం ఇచ్చినది, భవనం పెద్దలకు తలయెత్తి కూర్చునే చోటు ఇచ్చినది. 1939లో ఆయన కన్నుమూసినారు.

సముద్రాల కవతల అమెరికాలోనూ ఇటువంటి కథే జరిగినది. అక్కడి దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతి పిల్లలకు వేరు బడులు. విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ ప్రోత్సాహంతో రోజెన్‌వాల్డ్ అనే వర్తకుడు ధనసహాయం చేయగా, 1912 నుండి 1932 వరకు 5,000కు దగ్గరగా బడులు లేచినవి. ఆ వర్తకుడిచ్చిన దానికంటె ఆ పేదవారు పోగుచేసిన సొమ్మే మొత్తం మీద కొంచెం ఎక్కువ! పత్తి చేలలో కూలి చేసినవారు భూమి ఇచ్చినారు, చెమట ఇచ్చినారు. జార్జియా రాష్ట్రంలో కాస్‌విల్ దగ్గర 1923లో కట్టిన నోబుల్ హిల్ అనే రెండు గదుల బడి 1955లో మూతపడినది. కూలిపోనివ్వకుండా ఆ ఊరివారు దానిని బాగుచేయించి, 1989లో అందరూ వచ్చి పోయే స్మారక కేంద్రంగా తెరిచినారు. వెలివేయబడినవారు కట్టుకున్న ఇల్లు చివరకు అందరి ఇల్లు అయినది. 

ఇక మన భీవండి సంగతి. కరీంనగర్, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు జిల్లాల నుండి మగ్గాల వెంట మనవారు ఇక్కడికి వచ్చినారు. ఈ ఊరివారికి మనమంతా తెలుగువాళ్ళమే. వారు చేయని లెక్క మనలో మనమే చేస్తున్నాము. నిరుడు నా స్నేహితుడు కూతురి పెండ్లికి హాలు అడగబోతే నేను తోడు వెళ్ళినాను. అక్కడున్నది మన తెలుగు మనిషే. ఊరి పేరు అడిగినాడు, ఇంటి పేరు అడిగినాడు, ఆ తరువాత "మీరు ఏమోళ్ళు?" అన్నాడు. జవాబు వినక ముందు ఆ తేదీ ఖాళీగా ఉన్నది. విన్న తరువాత ఖాళీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు నా స్నేహితుడు ఒక్క మాట మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. అక్కడే ఎందుకు అడగలేకపోయినానా అని ఈనాటికీ నాకు సిగ్గు. అందుకే ఈనాడు మీ ఎదుట మాట్లాడుతున్నాను.

రైల్వే టికెట్ కిటికీ దగ్గర మేము అడిగేది ఒక్కటే, ఎక్కడికి పోవాలని. ఎవరి బిడ్డవని అడగము. మన గది నిబంధనలలో మొట్టమొదటి మాట అదే కావాలని నా మనవి. వెయ్యి రూపాయలు ఇచ్చినవారి పేరు, పది రూపాయలు ఇచ్చినవారి పేరు ఒకే పుస్తకంలో, ఒకే అక్షరాలతో వ్రాద్దాము. రాత్రి డ్యూటీకి పోయే తండ్రి, ఏ కులమువాడైనా, తన బిడ్డను ధైర్యంగా అక్కడ దించి పోవాలి.

ఉగాది పచ్చడిలో వేపపువ్వును ఏరి పారవేయము గదా! ఈ చేదు మాటను కూడ అట్లే స్వీకరించండి. శెలవు.