వెల, విలువ: మానవ శాస్త్ర పట్టాను గురించి



"ఏ చదువు చదివితే ఎంత జీతం వస్తుంది?" అనే ప్రశ్న మీ ఇళ్ళలో తరచుగా వినిపిస్తూ ఉంటుంది. అది తప్పు ప్రశ్న కాదు. ఊరూ వాడా వదలి ఇంత దూరం వచ్చి, రియాలుకు రియాలు కూడబెట్టి మిమ్మల్ని చదివిస్తున్న తల్లిదండ్రులకు ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది. వైద్యం, ఇంజనీరింగు సంగతి మీకు పదిమందీ చెబుతారు. అంతగా ఎవరూ చెప్పని ఒక చదువును తీసుకొని, దాని వెల ఎంతో, విలువ ఎంతో ఈనాడు లెక్క చూద్దాం. ఆ చదువు పేరు మానవ శాస్త్రం.

మానవ శాస్త్రం అంటే ఏమిటి? మనుషులు ఎలా బతుకుతారు, ఏమి తింటారు, ఎవరిని చుట్టాలంటారు, భూమినీ నీటినీ ఎలా పంచుకుంటారు అని వారి మధ్యనే ఉండి తెలుసుకొనే శాస్త్రం. మన ఇబ్రాలో బుధవారం నాడు జరిగే స్త్రీల సంత మీకు తెలుసు. అమ్మేవారూ స్త్రీలే, కొనేవారూ స్త్రీలే. దారిన పోయేవారు ఆ సంతను చూసి వెళ్ళిపోతారు. మానవ శాస్త్రం చదివినవారు అక్కడ కూర్చొని అడుగుతారు: ఇది స్త్రీలకు వేరుగా ఎందుకు ఏర్పడింది? వచ్చిన డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? అప్పు ఎవరు ఎవరికి ఇస్తారు? ఈ ప్రశ్నలకు జవాబులు తెలిస్తే వర్తకుడికీ లాభమే, బ్యాంకుకూ లాభమే, ప్రభుత్వానికీ లాభమే.

మరి ఆ జవాబులు తెచ్చేవారికి జీతం ఇచ్చేవారు ఉన్నారా? ఉన్నారు. ఈ దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒమాన్ నడిబొడ్డున ఉన్న రాళ్ళ ఎడారిలో హరాసీస్ అనే తెగవారు ఒంటెలనూ మేకలనూ మేపుకుంటూ తిరుగుతూ ఉంటారు. వారి సంచార జీవనాన్ని మానిపించకుండానే వారికి వైద్యం, విద్య ఎలా అందించాలి? 1980ల తొలి సంవత్సరాలలో ఈ పనికి డాన్ చాటీ అనే మానవ శాస్త్రజ్ఞురాలిని నియమించారు. ఆమె అంతకు ముందే సిరియా, లెబనాన్ ప్రాంతాల సంచార జాతుల మధ్య పనిచేసి ఉన్నారు. అంటే పట్టా ఒక్కటే కాదు, అనుభవం కూడా ఆమె చేతిలో ఉంది.

మన తెలుగునాట ఇంతకంటె పాత ఉదాహరణ ఉంది. 1940లో ఆదిలాబాదు అడవులలో కుమ్రం భీము నాయకత్వాన గోండులు తిరగబడ్డారు. జోడేఘాట్ వద్ద భీము పోలీసుల తుపాకులకు బలి అయ్యాడు. ఆ గిరిజనుల బాధలు ఏమిటో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రజ్ఞుణ్ణి నియమించింది. ఆయన గోండుల మధ్య నివసించి, భూములు వారి చేతుల నుండి ఎలా జారిపోయాయో ప్రభుత్వానికి తెలియజెప్పాడు. 1943లో మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం వెలసింది. 1987లో మరణించిన ఆయన భార్య సమాధి నేటికీ ఆ గ్రామంలోనే ఉంది.

ఇవి విని, "అయితే పట్టా చేతికి రాగానే ఉద్యోగం సిద్ధంగా ఉంటుంది" అనుకోకండి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో మానవ శాస్త్రజ్ఞుల, పురావస్తు శాస్త్రజ్ఞుల మధ్యస్థ జీతం ఏడాదికి 63,940 డాలర్లు. మధ్యస్థ జీతమంటే, సగంమందికి అంతకంటె ఎక్కువ, సగంమందికి తక్కువ అని అర్థం. అన్ని వృత్తులూ కలిపి చూస్తే ఆ ఏడాది మధ్యస్థ జీతం 46,310 డాలర్లే. కనుక జీతం తక్కువ కాదు. కాని అంత పెద్ద దేశంలో ఆ ఉద్యోగాలు సుమారు 8,000 మాత్రమే. వాటిలో చాలావాటికి ఎం.ఏ. ఉండాలి. విందు మంచిదే, విస్తళ్ళే తక్కువ!

భారతదేశంలోనూ ఇంతే. భారత మానవ శాస్త్ర సర్వేక్షణ సంస్థ 1945లో ఏర్పడింది. హైదరాబాదులో గిరిజన సంస్కృతి పరిశోధన, శిక్షణ సంస్థ ఉంది. విశ్వవిద్యాలయాలలో అధ్యాపక పదవులు ఉన్నాయి. కాని పరిశోధనకైనా బోధనకైనా సాధారణంగా ఎం.ఏ. లేక ఎం.ఎస్.సి. కావాలి. మూడేళ్ళ పట్టాతో ఆగిపోయినవారికి ఆ తలుపులు తెరుచుకోవడం కష్టం.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. ఇవి ఊహించిన అంకెలని గుర్తుంచుకోండి. చదువుకు ఏడాదికి 500 రియాలుల ఖర్చు అనుకుందాం. మూడేళ్ళకు 1,500 అవుతుంది. ఆపైన ఎం.ఏ. రెండేళ్ళకు మరో 1,000. అంతేనా? ఆ రెండేళ్ళూ చదవక నెలకు 100 రియాలుల ఉద్యోగం చేసి ఉంటే 2,400 వచ్చి ఉండేవి. పోగొట్టుకున్న ఆ సంపాదన కూడా చదువు వెలలోనిదే. అంటే ఎం.ఏ. అసలు వెల 3,400 రియాలులు. ఎం.ఏ. తరువాత నెలకు 150 వస్తే, ఎక్కువగా వచ్చేది 50. 3,400ను 50తో భాగించండి: 68 నెలలు. అయిదు సంవత్సరాల ఎనిమిది నెలలకు గాని పెట్టిన డబ్బు తిరిగి రాదు. ఏ చదువుకైనా ఈ లెక్క వేసుకోవచ్చు. లెక్క వేసుకొని చేరినవారు తరువాత విచారించవలసిన పని ఉండదు.

ఇంకొక సంగతి. పట్టా వేరు, విద్య వేరు. భారతదేశపు సివిల్ సర్వీసు ముఖ్య పరీక్షలోని 1,750 మార్కులలో 500 ఐచ్ఛిక విషయానివి. మానవ శాస్త్రం అట్టి విషయాలలో ఒకటి. 2017 పరీక్షలో దేశానికే మొదటి స్థానం పొందిన తెలంగాణ యువకుడు దురిశెట్టి అనుదీప్ ఎన్నుకున్నది ఈ శాస్త్రాన్నే. కాని ఆయన కళాశాలలో చదివినది ఇంజనీరింగు! పట్టా లేకున్నా విద్య ఉపయోగపడింది. అలాగే విద్య లేని పట్టా ఎవరికీ ఉపయోగపడదు.

కనుక ఈ చదువుమీద మనసున్నవారు దీనికి మరొకటి జతచేసుకోవాలి. గణాంక శాస్త్రం గాని, ప్రజారోగ్యం గాని, కంప్యూటరు గాని నేర్చుకోవాలి. 1998లో ఇంటెల్ అనే కంప్యూటర్ల కంపెనీ జెనెవీవ్ బెల్ అనే మానవ శాస్త్రజ్ఞురాలిని ఉద్యోగంలోకి తీసుకుంది. యంత్రాలను ఇళ్ళలో మనుషులు ఎలా వాడుకుంటారో చెప్పేవారు ఆ కంపెనీకి కావలసి వచ్చారు.

అన్నిటికంటె ముఖ్యమైన జత భాష. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, హిందీ, వీధిలో అరబ్బీ! ఇన్ని భాషలు చెవిన పడే అదృష్టం అందరు పిల్లలకూ ఉండదు. మనుషులను వారి మాటలోనే అడిగి తెలుసుకోగలిగినవారే ఈ శాస్త్రంలో పైకి వస్తారు. ఆ మూలధనం ఒక్క రియాలు ఖర్చు లేకుండా మీ చేతికి అందుతున్నది. దానిని పారేసుకోకండి.

ఈ చదువు చదవమని నేను చెప్పడం లేదు, వద్దనీ చెప్పడం లేదు. అమ్మానాన్నల దగ్గర కూర్చొని, కాగితం, పెన్సిలు తీసుకొని వెల ఎంతో లెక్కకట్టండి. విలువ ఎంతో మీ మనసును అడగండి. రెండూ తెలిసిన తరువాతనే నిర్ణయించుకోండి.